ఆటోనగర్ నుంచి - 17: వైజాగ్‌లో ఫోటో ఎక్కడ తీయాలి?



సెలవులొస్తే చాలు, నా ఇన్‌బాక్స్ నిండా ఒకే రకం మెసేజ్‌లు. "అన్నా, హాస్టల్ ఫ్రెండ్స్ అందరం వైజాగ్ వస్తున్నాం. ఫోటోలకి మంచి స్పాట్లు చెప్పన్నా." ఈ మధ్య దీనికి ఇంకో మాట తోడైంది. "బీచ్‌లు వద్దన్నా, అవి అందరూ తీసేశారు. మీ ఆటోనగర్ వైపు రఫ్‌గా, రియల్‌గా ఉంటుందట కదా, అటు తిప్పన్నా."

ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసి విసుగొచ్చింది. అందుకే ఈ భాగం మొత్తం ఈ ప్రశ్నకే. ఫోటోల గురించి ఇంత పొడుగు రాయాలా అనుకునేవాళ్ళు చివరిదాకా చదివాక తిట్టండి.

ముందు మామూలు స్పాట్ల సంగతి. ఆర్కే బీచ్, కురుసురా సబ్‌మెరైన్, కైలాసగిరి, రుషికొండ, యారాడ, డాల్ఫిన్స్ నోస్. ఇవి మీకు నేను చెప్పక్కర్లేదు. ఒక్క విషయం గుర్తుంచుకోండి: మన సముద్రం తూర్పున ఉంది. సూర్యుడు నీళ్ళలోంచి లేస్తాడు, సాయంత్రం కొండల వెనక్కి దిగిపోతాడు. సాయంత్రం ఆరింటికి బీచ్‌కి పోయి సన్‌సెట్ ఏదన్నా అని అడిగేవాళ్ళని చాలామందిని చూశాను. పొద్దున ఐదున్నరకల్లా ఇసుకలో ఉండాలి.

అక్కడ సెల్ఫీలు దిగే మన పిల్లల్ని వెక్కిరించే మేధావులు కొందరున్నారు. ఆ వరసలో నన్ను కలపొద్దు. మా అమ్మమ్మకి జీవితంలో ఉన్న ఒకే ఒక్క ఫోటో రేషన్ కార్డు మీదది. అదీ నవ్వొద్దని గదమాయించి తీసింది. ఆమె మునిమనవరాలు రుషికొండలో కళ్ళజోడు పెట్టుకుని, జుట్టు ఎగరేసి నలభై ఫోటోలు దిగితే నాకు కడుపు నిండుతుంది. తనకి నచ్చినట్టు నిలబడి, తనకి నచ్చిన ఫోటోనే ఉంచుకుని మిగతావి తీసేయడం మన ఇళ్ళలో మూడు తరాల క్రితం ఎవరికీ లేని హక్కు. దిగండి, ఎన్ని కావాలంటే అన్ని దిగండి.

నా పేచీ ఆ రెండో మెసేజ్‌తోనే. రఫ్‌గా, రియల్‌గా.

ఆటోనగర్ అంటే తెలియనివాళ్ళకి నాలుగు మాటలు. గాజువాక దాటీ దాటకుండా, ఒకవైపు పోర్టు, షిప్‌యార్డు, రిఫైనరీ, ఇంకోవైపు స్టీల్ ప్లాంటు. ఈ పెద్ద ఫ్యాక్టరీల నీడలో బతికే చిన్న షెడ్ల ఊరు మాది. లారీ బాడీలు కట్టేవాళ్ళు, కమాన్ కట్టలు మార్చేవాళ్ళు, లేత్ పట్టేవాళ్ళు, గ్యాస్ కటింగ్ చేసేవాళ్ళు, రేడియేటర్లు అతికేవాళ్ళు, తుక్కు తూకం వేసేవాళ్ళు. లారీ వెనక చెక్క మీద పువ్వులు, పక్షులు, పిల్లల పేర్లు చేత్తో రాసే పెయింటర్లు కూడా ఉన్నారు. స్టిక్కర్లొచ్చాక వాళ్ళు తగ్గిపోతున్నారు. నేల మీద నూనె, గాలిలో ఇనుప రజను. రేకుల కప్పుకి పడిన చిల్లుల్లోంచి పొద్దున తొమ్మిది, పది మధ్య ఎండ కడ్డీల్లా లోపలికి దిగుతుంది. ఫోటో తీసేవాడికి ఇంతకన్నా మంచి వెలుతురు వైజాగ్‌లో ఎక్కడా లేదని నేనే చెప్తాను. అందుకే కదా వస్తున్నారు.

సరే, వచ్చి ఏం తీస్తారు? నిప్పురవ్వలు. మసి పట్టిన చేతులు. చెమట పట్టిన వీపు. మొహం మాత్రం చీకట్లో.

మా వీధిలో ఒక వెల్డర్ మావ ఉన్నాడు. యాభై దాటినవాడు. ఆయన ఫోటో ఒకటి, ఆయనకి తెలియకుండానే, ఏదో ఫోటోల పోటీలో బహుమతి కొట్టింది. తిరిగి తిరిగి ఎవరి వాట్సాప్ గ్రూపులోనో నాకు కనపడింది. చుట్టూ నిప్పురవ్వలు, మధ్యలో ఆయన. కింద "నిప్పుల పూలు, ఆటోనగర్, విశాఖపట్నం" అని ఉంది. అందమైన ఫోటో, అబద్ధం చెప్పను. తీసుకెళ్ళి ఆయనకి చూపించాను. ఫోన్ దూరంగా పెట్టి, కళ్ళు చికిలించి చూశాడు.

"ఇది నానేనేటి?"

"నువ్వే మావా. నీ ఫోటోకి ప్రైజొచ్చింది."

"ప్రైజేటి బాబు... మొకానికి మాస్కు నేదు సూడు. సేతికి గ్లౌజు నేదు. ఇది కంపెనీ ఆఫీసరు సూత్తే నాకిక ఆ జాబు వర్కు రాదు. బేగి తీయించెయ్."

పోటీ జడ్జీలు చూసింది నిప్పుల పూలని. ఆయన చూసింది సేఫ్టీ లేని పనిని, దానివల్ల పోయే తన కూలిని. ఆర్క్ వెలుగు కంటికి తగిలితే ఆ రాత్రి కంట్లో ఇసుక పోసినట్టుంటుంది, నిద్ర పట్టదు. ఏళ్ళ తరబడి చేస్తే చూపు దెబ్బతినొచ్చు. ఆ మావ ఫోన్ అంత దూరంగా ఎందుకు పెట్టి చూశాడో మీకిప్పుడు తెలిసింది కదా. ఆ బొమ్మలోని అందం ఎక్కడి నుంచి వచ్చిందయ్యా అంటే, యజమాని కొనివ్వని హెల్మెట్ షీల్డ్ నుంచి వచ్చింది. షీల్డ్ ఉంటే మొహం మీద ఆ వెలుగు పడేది కాదు, ప్రైజూ వచ్చేది కాదు.

పోనీ ఆ క్యాప్షన్‌లో పేరుందా? ఊరి పేరుంది, వాడ పేరుంది, మనిషి పేరు లేదు. కింద మూలన ఫోటోగ్రాఫర్ పేరు మాత్రం ఇంటిపేరుతో సహా ఉంది.

ఇది ఇవాళ పుట్టిన అలవాటు కాదు. మన దేశంలో మనవాళ్ళ వైపు కెమెరా మొదట తిరిగింది కొలబద్దతో కలిసే. ఎడ్గార్ థర్‌స్టన్ అని మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఒకడుండేవాడు. దక్షిణాది కులాలు, తెగల మీద 1909లో 7 సంపుటాలు అచ్చేశాడు. మనుషుల తలలు, ముక్కులు కొలిచాడు, ఫోటోలు వేశాడు. మన విశాఖ జిల్లా ఏజెన్సీ మనుషులూ ఆ పుస్తకాల్లో ఉన్నారు. ఆ బొమ్మల కింద చూస్తే కులం పేరో తెగ పేరో ఉంటుంది. ఆ నిలబడిన మనిషి పేరేంటి, ఆమెకి పిల్లలున్నారా, ఫోటో తీసినప్పుడు ఏమనుకుంది, ఇవేమీ ఉండవు. మనిషి నమూనా అయిపోయాడు. నూరేళ్ళు దాటింది. కులం పేరు ఉన్నచోట ఇప్పుడు "మెకానిక్", "ఫిషర్ ఉమన్", "శానిటేషన్ వర్కర్" అని రాస్తున్నారు. మన దేశంలో ఆ పని పేరు చదివితే కులం ఎలాగూ తెలిసిపోతుంది కదా! మిగతాదంతా మారలేదు.

దీనికి ఎదురు ఉదాహరణ కావాలంటే నేను గోర్డన్ పార్క్స్‌ని చెప్తాను. ఫోటోలు తీసే ప్రతి అంబేడ్కరైట్ విద్యార్థీ ఆయన కథ తెలుసుకోవాలి. అమెరికాలో కాన్సస్ రాష్ట్రపు పేద నల్లజాతి ఇంట్లో 1912లో పుట్టాడు. తాకట్టు షాపులో దొరికిన సెకండ్ హ్యాండ్ కెమెరాతో మొదలుపెట్టాడు. 1942లో ఫెలోషిప్ వచ్చి రాజధాని వాషింగ్టన్‌కి చేరాడు. మీలాగే, పెద్ద సిటీకి కొత్తగా వచ్చిన కుర్రాడు. ప్రభుత్వ ఫోటో విభాగం నడిపే రాయ్ స్ట్రైకర్ ఆయన కెమెరా తీసి బీరువాలో పెట్టించాడు. ముందు ఊరు తిరిగి రా, ఒక కోటు కొనుక్కో, ఎక్కడైనా భోంచెయ్, ఒక సినిమా చూడు అని పంపాడు. కోటు అమ్మలేదు, భోజనం పెట్టలేదు, సినిమా హాల్లోకి రానివ్వలేదు. ఒంటి రంగు చూసి.

కోపంతో తిరిగొచ్చిన పార్క్స్‌కి ఆ ఆఫీసులోనే నేల తుడిచే ఎల్లా వాట్సన్ కనిపించింది. ఆమెతో కూర్చుని మాట్లాడాడు. ఆమె జీవితమంతా విన్నాడు. తర్వాత అమెరికా జెండా ముందు, చేతిలో చీపురుతో నిలబెట్టి ఫోటో తీశాడు. ప్రపంచమంతా తెలిసిన ఫోటో అది. కానీ నాకు దానికన్నా ముఖ్యం, ఆయన అంతటితో ఆగలేదు. కొన్ని వారాల పాటు ఆమె ఇంటికీ, ఆమె చర్చికీ వెళ్ళాడు, ఆమె సాకుతున్న పిల్లలతో ఉన్నప్పుడు తీశాడు. ఎనభై ఏళ్ళు దాటాక కూడా మనం ఆమెని "ఒక స్వీపర్" అనం, ఎల్లా వాట్సన్ అంటాం.

ఆయన వెతుక్కున్న స్పాట్ ఏది? అదే ఆఫీసు, అదే వరండా. రోజూ వందమంది దాటుకుపోయే చోటు.

ఇప్పుడు కెమెరాకి ఇటువైపు నిలబడేవాడి సంగతి. మన ఊళ్ళో పోర్టు, షిప్‌యార్డు, నేవీ స్థావరం చుట్టుపక్కల చాలా చోట్ల ఫోటో నిషిద్ధం. 1923 నాటి అఫీషియల్ సీక్రెట్స్ చట్టం ఇంకా బతికే ఉంది. బోర్డు ఉన్నచోట కెమెరా బయటికి తీయొద్దు. ఇది సరదాగా చెప్పడం లేదు. మీ మీద కేసు పడితే మీ వెనక వకీలు పెట్టే తండ్రి లేడని నాకు తెలుసు, మీకూ తెలుసు.

బోర్డు లేని చోట కూడా ఒక బోర్డుంటుంది. కొన్నేళ్ళ క్రితం ఒక ఫ్యాక్టరీ గేటుకి బాగా ఇవతల, పబ్లిక్ రోడ్డు మీద, కార్మికుల సైకిళ్ళ వరస ఫోటో తీస్తున్నాను. సెక్యూరిటీ వచ్చి నా ఫోన్ లాక్కుని గ్యాలరీ మొత్తం చూశాడు. పేరడిగాడు, చెప్పాను. ఇంటిపేరడిగాడు. ఏ ఊరు, ఏ వీధి అని అడిగాడు. నాలుగు ప్రశ్నల్లో అతనికి కావాల్సింది తెలిసింది, ఆ తర్వాత "మీరు" కాస్తా "నువ్వు" అయింది. అదే రోడ్డు మీద పెద్ద లెన్సుతో, జీన్స్ టోపీతో ఒకాయన తీసుకుంటున్నాడు. అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు. కెమెరా పెద్దదైతే కళాకారుడు, ఫోన్ చిన్నదైతే దొంగ.

ఫిషింగ్ హార్బర్‌లో 2023 నవంబర్ 19 రాత్రి అగ్నిప్రమాదం జరిగింది. ముప్పైకి పైగా పడవలు కాలిపోయాయి. మొదట పోలీసులు ఎవర్ని అదుపులోకి తీసుకున్నారో గుర్తుందా? హార్బర్ వీడియోలు తీసే ఒక యూట్యూబర్‌ని, అక్కడి కుర్రాడినే. తర్వాత కారణం వేరే అని చెప్పి, అరెస్టు చేసింది వేరేవాళ్ళని. తన రేవులో తను కెమెరా పట్టుకున్న పిల్లాడు ముందు అనుమానితుడయ్యాడు. వారాంతంలో వచ్చి అదే రేవుని డ్రోన్‌తో తీసేవాడు ఇన్‌ఫ్లుయెన్సర్.

అయినా సరే, ఫోన్ బయటికి తీయమనే చెప్తాను. ఎందుకంటే వైజాగ్‌లో ఈ కొన్నేళ్ళలో తీసిన అతి ముఖ్యమైన దృశ్యాలు ఏ టూరిస్టు స్పాట్‌లోనూ తీసినవి కావు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ గ్యాస్‌కి జనం రోడ్ల మీద పడిపోతుంటే తీసినవి ఉన్నాయి. 12 మంది చనిపోయారు. సరిగ్గా తొమ్మిది రోజులకి, మే 16న, అక్కయ్యపాలెం దగ్గర హైవే మీద డాక్టర్ సుధాకర్. నర్సీపట్నం ఆసుపత్రిలో మత్తు డాక్టరు, దళితుడు, మాస్కులు లేవని నోరు తెరిచినందుకు సస్పెండైన మనిషి. చొక్కా లేకుండా, చేతులు వెనక్కి విరిచి కట్టి రోడ్డు మీద పడేశారు. దారినపోయేవాళ్ళు ఫోన్లలో తీశారు. ఆ వీడియోలు లేకపోతే "తాగి గొడవ చేశాడు" అన్న ఒక్క వాక్యంతో ఆ కథ ముగిసేది. అవి ఉన్నాయి కాబట్టి దేశమంతా చూసింది, వారం తిరక్కుండా హైకోర్టు సీబీఐకి అప్పగించింది. ఏడాదికి, 2021 మేలో, గుండెపోటుతో ఆయన పోయాడు. ఆయనకి న్యాయం జరిగిందని నేనననను. ఆయన్ని అబద్ధంలో పూడ్చకుండా ఆపింది మాత్రం ఆ వణికే వీడియోలే. 2020 ఆగస్టులో పెందుర్తిలో ఒక దళిత యువకుడికి బలవంతంగా గుండు కొట్టిన ఘటన కూడా ఆ ఇంటి సీసీ కెమెరాల్లోనే దొరికింది.

ఫ్రేమ్ బాగుందా, లైటింగ్ బాగుందా అని వాటిని ఎవరూ అడగలేదు.

ఇక మీరడిగిన స్పాట్లు, నా లెక్కలో. మొదటిది డాబాగార్డెన్స్ దగ్గర, ఎల్ఐసీ బిల్డింగ్ జంక్షన్‌లో బాబాసాహెబ్ విగ్రహం. ఏప్రిల్ 14న వస్తే జనం, రంగులు, నీలి జెండాలు. నాకు మామూలు రోజులే ఇష్టం. ధర్నాకి వచ్చి బ్యానర్ మడుచుకునే అంగన్‌వాడీ అక్కలు, నీడలో కూర్చుని అన్నం తినే మున్సిపల్ కార్మికులు. ఆ చోటు మనది కాబట్టే అక్కడికి వస్తారు.

రెండోది కూర్మన్నపాలెం. స్టీల్ ప్లాంటు అమ్మేస్తామని 2021 జనవరి చివర్లో కేంద్రం నిర్ణయం తీసుకుంది. ఆ ఫిబ్రవరిలోనే కార్మికులు ఇక్కడ రిలే దీక్షల శిబిరం వేశారు. ఏళ్ళ తరబడి అదే టెంటు, కూర్చునే మనుషులు వంతులు మారుతూ. 1966లో "విశాఖ ఉక్కు" కోసం రాష్ట్రమంతటా 32 మంది చనిపోయారని అందరూ చెప్తారు. ఆ ప్లాంటు కోసం 60కి పైగా ఊళ్ళు ఖాళీ అయ్యాయని కొందరు చెప్తారు. అప్పటి భూసేకరణ చట్టం 1894 నాటిది, భూమి కాగితం ఉన్నవాడికే అందులో లెక్క. ఆ భూముల్లో కూలి చేసి బతికిన పేటల సంగతి చెప్పేవాళ్ళు తక్కువ. వడ్లపూడి, పెదగంట్యాడ వైపు నిర్వాసిత కాలనీల్లో ఆర్ కార్డు ప్లాస్టిక్ కవర్లో దాచుకున్న ముసలివాళ్ళు ఇంకా ఉన్నారు. ప్లాంటు ప్రైవేటు చేతికి పోతే రిజర్వేషన్ ఉద్యోగం కూడా పోతుంది. మన ఇళ్ళలో మొదటి జీతం, మొదటి క్వార్టరు, మొదటి ఇంగ్లీషు మీడియం బడి ఆ ఉద్యోగంతో వచ్చినవే. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని బ్లాస్ట్ ఫర్నేసులకి పేర్లు పెట్టారు. రాత్రి ఆకాశం ఎర్రగా కనిపిస్తే అందరూ దాన్నే తీస్తారు. మీరు ఆ ముసలాయన చేతిలో ఆర్ కార్డు తీయండి. నంబరు కనపడకుండా.

మూడోది ఊరి బయట, అనకాపల్లి దగ్గర శంకరం గ్రామంలో బొజ్జన్నకొండ. కొండనే తొలిచి చేసిన స్తూపాలు, గుహల్లో బుద్ధుడు. పక్కనే లింగాలకొండ. భీమిలి రోడ్డులో తొట్లకొండ, బావికొండ కూడా ఉన్నాయి, అక్కడ సముద్రం బాగా కనపడుతుంది. ప్రీ వెడ్డింగ్ షూట్ల జంటలు ఎక్కువ. నా ఓటు బొజ్జన్నకొండకే. ఒకప్పుడు కనుమ రోజున చుట్టుపక్కల జనం వచ్చి అక్కడ పొట్టలా ఉబ్బిన ఒక రాయిని రాక్షసుడని రాళ్ళతో కొట్టేవారు. తమ పూర్వీకుల బుద్ధుడి గడ్డని తమ చేతే రాళ్ళతో కొట్టించిన సంస్కృతి ఎలాంటిదో అక్కడ నిలబడి ఆలోచించండి. ఉదయం పోండి, జనం ఉండరు. స్తూపాల మీద ఎక్కి మాత్రం ఫోటోలు దిగకండి, మన పిల్లలే ఆ పని చేస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఇక ఆటోనగర్. రండి, రావద్దనడం లేదు. నేనే తిప్పుతాను. కానీ మొదటి రోజు కెమెరా బ్యాగులోనే ఉంటుంది. షెడ్డులో కూర్చుని టీ తాగుదాం, పని చూద్దాం, పేర్లు అడుగుదాం. మీ పేర్లూ, మీ ఊళ్ళూ వాళ్ళకి చెప్పండి. మీ నాన్న ఏం పని చేస్తాడని వాళ్ళడుగుతారు, దాచకండి. తర్వాత తీసుకుంటామని అడగండి. వద్దంటే వద్దనే అర్థం, రెండోసారి అడగొద్దు. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల మొహాలు తీయొద్దు. వాళ్ళక్కడ ఎందుకున్నారన్నది వేరే పోరాటం, మీ పోస్టుతో మొదలు పెట్టాల్సింది కాదు. సేఫ్టీ లేని పని కనపడితే తీయండి, కానీ మనిషి తెలియకుండా, షెడ్డు బోర్డు కనపడకుండా తీసి ముందు యూనియన్ వాళ్ళకి ఇవ్వండి. అలాంటివి బయటపెట్టాలా వద్దా అన్నది ఆ పని చేసేవాళ్ళు నిర్ణయించుకోవాలి. ఇది ఆలస్యం అంటారా? అవును, ఆలస్యమే. రెండు రోజుల ట్రిప్‌లో కుదరదంటారా? అయితే ఆ ట్రిప్‌లో రుషికొండే తీసుకోండి. అందులో తప్పేమీ లేదు.

తమిళనాడులో పళనికుమార్ అని ఒక ఫోటోగ్రాఫర్ ఉన్నాడు. చేపలమ్మే తల్లి కొడుకు. మురుగు గుంతల్లో చనిపోయిన పారిశుద్ధ్య కార్మికుల కుటుంబాల్ని ఏళ్ళ తరబడి తీశాడు. ఆయన చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఒకటుంది. జాలర్ల పిల్లలకీ, పారిశుద్ధ్య కార్మికుల పిల్లలకీ కెమెరాలిచ్చి నేర్పించాడు. వాళ్ళ వీధిని వాళ్ళే తీశారు. మీలో ఎవరి దగ్గరైనా పాత డిజిటల్ కెమెరా పనికిరాకుండా పడి ఉంటే ఇక్కడికి పట్టుకురండి. మా వీధిలో లారీల మీద బొమ్మలు వేసే పెయింటర్ కూతురు ఇంటర్ చదువుతోంది. వాళ్ళ నాన్న గీసిన పక్షుల్ని, ఆ లారీలు తుక్కుకి పోకముందే, ఫోన్లో తీసి దాస్తోంది. ఇప్పటికి రెండు వందలు దాటాయట. స్టోరేజ్ నిండిపోయిందని మొన్న నా దగ్గరకొచ్చింది.

చివరిగా ఒక ఖర్చు. తీసినవాటిలో మంచివి ఏరి ప్రింట్లు వేయించి తెచ్చివ్వాలి. గాజువాకలో స్టూడియోలు చాలానే ఉన్నాయి. ఫోన్లో పంపితే చాలు కదా అనొద్దు. వెల్డర్ మావకి నేను ఇచ్చిన ప్రింటులో ఆయన పని చేయడం లేదు. ఆదివారం, తెల్లచొక్కా వేసుకుని, మనవడిని ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. ఎలా కూర్చోవాలో, ఎవరు పక్కనుండాలో అన్నీ ఆయనే చెప్పాడు. నేను నొక్కానంతే.

వచ్చే వారం ఆర్ కార్డుల సంగతి. మీ ఇళ్ళలో ఎవరి దగ్గరైనా ఉంటే, ఏ సంవత్సరం ఇచ్చారో మెసేజ్ చేయండి.

జై భీమ్.